బురుజు నీడ

"అయ్యవారూ, నలుగురూ కలిసి కూచోవాలంటే ఎంత చోటు కావాలి?" అని మౌనేశు గురువు సోమాచారిని అడిగాడు. ఊరిపెద్దలు పాత సంతను తీర్చిదిద్దే పని అతనికి అప్పగించారు. బేరాలకే కాక, పదిమందీ కూడి మాట్లాడుకోడానికీ అది పనికి రావాలన్నారు. శిల్పవిద్య నేర్చిన మౌనేశుకు ఇదే మొదటి పని. సంత మధ్య పాడుబడ్డ బురుజు ఒకటుంది. దాన్ని పడగొట్టి ఆ చోట విశాలమైన మండపం కట్టాలని పటం గీశాడు. జనం అడ్డం లేకుండా ఉంటుందని కొలతలన్నీ సంత లేని రోజున తీసుకున్నాడు. మర్నాడు పెద్దలు ఊ అంటే గునపాలు దిగుతాయి.

అడిగిన వెంటనే జవాబు చెప్పడం సోమాచారికి అలవాటు లేదు. పటం చూశాడు. ఆ రోజు సంత. శిష్యుణ్ణి వెంటబెట్టుకుని పొద్దున్నే బురుజుకు పడమటి పక్కన చేరాడు.

పొడుగాటి నీడలో సంత తీరిగ్గా పరుచుకుని ఉంది. గాజులమ్మే దస్తగిరమ్మకూ ఆకుకూరల కుళ్ళాయమ్మకూ అప్పుడే తగువు పడింది. కూరల మీద చల్లిన నీళ్ళు గాజుల గుడ్డ మీద పడ్డాయట. "ఇంగ నీ పక్కన కూసుంటే నన్నడుగు" అని దస్తగిరమ్మ గాజుల మలారం ఎత్తుకుని దూరం పోయింది. చోటుకేం కొదవ, ఎంత దూరమైనా పోవచ్చు.

"చూశారా అయ్యవారూ, మండపంలో అయితే ఎవరి అరుగు వాళ్ళకుంటుంది. ఈ గొడవే ఉండదు" అన్నాడు మౌనేశు.

మాఘం వెళ్ళి ఎండలు ముదురుతున్న రోజులు. పొద్దెక్కేకొద్దీ నీడ జరిగింది, దాని వెంట సంతా జరిగింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ముందు ఒక ముసలాయన ఉల్లిగడ్డల గోతం లాగాడు, ఆ వెనక కుండలు కదిలాయి, ఆ వెనక చింతపండు బుట్టలు. చూస్తూండగా సంతంతా ఆ మొండి బురుజుకు ప్రదక్షిణం చేస్తోంది. ఇన్నాళ్ళూ ఈ ఊళ్ళోనే ఉండి మౌనేశు దీన్ని చూడనే లేదు.

మిట్టమధ్యాహ్నానికి నీడ కుంచించుకుపోయి, ఉత్తరపు గోడ వెంబడి చాపంత వెడల్పున మిగిలింది. ఆ వేళ బేరాలాడకూడదన్నది ఆ సంత కట్టుబాటు. సరుకుల మీద తడి గోతాలు కప్పి, అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ మోకాళ్ళు ముడుచుకుని గోడవారన సర్దుకున్నారు. గురుశిష్యులూ వాళ్ళ మధ్య ఇరుక్కున్నారు. సద్దిమూటలు విప్పేసరికి దస్తగిరమ్మ వచ్చింది. మిగిలిన చోటు ఒకటే, అదీ కుళ్ళాయమ్మ పక్కన. కాసేపు నిలబడింది. ఎండ నెత్తి మాడుస్తుంటే పంతం ఎంతసేపు నిలుస్తుంది? కూచుంది.

ఇద్దరూ చెరోవైపు చూస్తూ తిన్నారు. కొంతసేపటికి కుళ్ళాయమ్మ, మొహం ఇటు తిప్పకుండానే, పక్కామె రొట్టె మీద ఇంత పచ్చడి వేసింది.

"కారం తక్కువుండాది" అంది దస్తగిరమ్మ తింటూనే.

"వచ్చే సంతకు నువ్వే నూరుకోని రా."

మౌనేశు తలెత్తి బురుజు గోడను చూశాడు. ఇంతమందిని ఇంత దగ్గరగా కూర్చోబెట్టిన కట్టడాన్ని అతను ఎక్కడా చదవలేదు, ఎక్కడా చూడలేదు. రేపు దాన్నే కూలగొట్టించబోయాడు.

"అయ్యవారూ, పెద్దలకు ఇప్పుడేం చెప్పమంటారు?" అన్నాడు మెల్లగా.

సోమాచారి రొట్టె తుంచుతూ పక్కకు చూశాడు. చంకన బిడ్డతో ఒకామె నీడ అంచున నిలబడి ఉంది.

"ముందు కాస్త ఇటు జరుగు నాయనా" అన్నాడు.