సగం దూరాన బోర్లించిన పడవ

నతనయేలు అయ్యగారు కూర్చుండి విన్న ప్రశ్నకు కూర్చుండి బదులు చెప్పేవారు కారు. శిష్యుడు అడగదలచినదంతా అడిగే వరకు కన్నులు మూసుకొని ఆలకించేవారు. పిదప కళ్ళజోడు మడిచి జేబులో ఉంచి, మూలనున్న గొడుగు చేతపట్టి లేచేవారు. గొడుగు లేచిందంటే ఆ పూటకు వాదం ముగిసిందని ఆయన వద్ద లేఖనాలు చదువుకొనే వారందరూ ఎరుగుదురు. ఆ తరువాత దారిలో ఏది ఎదురైతే అదే జవాబు.

ఆ శిష్యులలో తీతు వాక్యజ్ఞానంలో దిట్ట. ఆ సముద్రతీరంలోనే, వల మీద బ్రతికే ఇంట పుట్టినవాడు. తండ్రి గతించాక అన్న ఆమోసుతో కలిసి కొన్నేళ్ళు వల లాగాడు. తరువాత మనసు చదువు మీదికి మళ్ళి అయ్యగారి వద్ద చేరాడు. అన్న వద్దనలేదు, సరేననీ అనలేదు. అయితే నిరుటి ఏడు తల్లి జ్ఞాపకార్థం జరిగిన కూడికలో, తమ్ముడు ప్రార్థన చేయడానికి లేచి నిలిచిన క్షణంలో, ఆమోసు ఊరివారందరి ఎదుట ఒక మాట అన్నాడు.

"తాడు వదిలేసిన సేత్తో పుస్తకం పట్టాడు. రేపు దాన్నీ వదిలేత్తాడు."

తీతు ప్రార్థన ముగించి, భోజనానికి ఆగక వెళ్ళిపోయాడు. నాటి నుండి అన్నదమ్ముల మధ్య మాట లేదు.

అయ్యగారు కాపరిగా ఉన్న క్రైస్తవ సంఘంలో పెద్దల నాటి నుండి ఒక ఆచారం ఉంది. ప్రభువు బల్ల ఆరాధన జరిగే ఆదివారం, అందరికీ పంచే రొట్టె విరిచే ముందు, సహోదరుని మీద మనసులో పగ మిగిలి ఉన్నవారు తమంతట తామే లేచి మందిరం గడప దాటి వరండాలో కూర్చుంటారు. వారిని ఎవరూ లెమ్మనరు, ఎవరూ కారణం అడుగరు. ఆమోసు ఏడాదిగా వరండాలో ఒక స్తంభానికి ఆనుకొని కూర్చుంటున్నాడు. తీతు కూడా లేచి వెళ్ళేవాడే. కాని అతడు ఏడ్చే పసిబిడ్డనెవరినో ఎత్తుకొని, ఆడించే నెపంతో మరొక వైపు నడిచేవాడు. ఆ బిడ్డ ఏడుపు ఎవరికి అవసరమో అయ్యగారికి తెలియనిది కాదు.

ఇంతలో వార్ధక్యం వలన అయ్యగారి చేతులు వణకసాగాయి. రాబోయే ఆదివారం రొట్టె తీతు విరవాలని ఆయన నిర్ణయించారు. ఇక నెపాలకు తావు లేకపోయింది. రొట్టె విరిచేవాడు బిడ్డనెత్తుకొని బయట నిలువరాదు. పగ దాచుకొని లోపలనూ నిలువరాదు. రెండు రాత్రులు నిద్ర కరవై తీతు గురువును ఆశ్రయించాడు. అన్న తనను ఎట్లా అవమానించాడో చెప్పాడు. కానుకను బలిపీఠం ముందు విడిచి, మొదట వెళ్ళి సహోదరునితో సమాధానపడమన్న వాక్యం తనకు తెలుసునన్నాడు. తప్పు చేసినవాణ్ణి గద్దించమన్న వాక్యమూ ఉన్నదన్నాడు. రెంటినీ త్రాసులో ఉంచి తూచినట్లు చాలాసేపు మాట్లాడి, తుదకు తన మనసులోని మాట బయటపెట్టాడు.

"సగం దూరం వెళ్ళడానికి నేను సిద్ధమే అయ్యగారూ. తక్కిన సగం తప్పు చేసినవాడు రావాలి గదా. అంతకంటె నన్నేమి చేయమంటారు?"

అయ్యగారు కళ్ళజోడు మడిచారు. గొడుగు అందుకున్నారు.

వారు ఒడ్డుకు చేరేసరికి అక్కడ జనం గుమిగూడి ఉన్నారు. వరుస తుఫానుల వలన కొన్ని వారాలుగా వల నీట దిగలేదు. ఇళ్ళలో ఉప్పుచేప కూడా అయిపోయి, గంజితో దినాలు వెళ్ళదీస్తున్నారు. ఆ ఉదయమే సముద్రం శాంతించడంతో అలివి వల దింపారు. అది ఒకరిద్దరు లాగే వల కాదు. పడవ మీద వెళ్ళి కడలిలో అర్ధచంద్రాకారంగా దాన్ని వదిలి వస్తారు. దాని రెండు కొసల తాళ్ళు ఒడ్డున ఒకదానికొకటి చాలా ఎడంగా ఉంటాయి. ఉత్తరపు తాడును ఒక జట్టు, దక్షిణపు తాడును ఒక జట్టు పట్టి లాగుతుంది. వల దగ్గరకు వచ్చేకొద్దీ రెండు జట్లు ఇసుక మీద పక్కకు జరుగుతూ ఒకదానినొకటి సమీపించాలి. నీటి అంచున నిలిచే ముందుమనిషి ఎటు అడుగేస్తే జట్టంతా అటు జరుగుతుంది. ఆ జట్లు కలిసే వరకు వల నోరు తెరుచుకునే ఉంటుంది.

ఉత్తరపు తాడుకు ముందుమనిషి ఆమోసు. దక్షిణపు తాడుకు ముందు నిలిచేవాడు జ్వరంతో మంచం పట్టాడు. అది ఒకప్పుడు తీతు స్థానమే. జట్టువారు అతని వంక చూశారు గాని, చదువుకొంటున్నవాణ్ణి అడగడానికి మొగమాటపడ్డారు.

"తాడు పట్టు తీతూ," అన్నారు అయ్యగారు. గొడుగు విప్పి బుట్టలతో వచ్చిన ఆడవారి సరసన నిలిచారు.

తీతు పంచె ఎగగట్టి నీటి అంచుకు దిగాడు. పుటలు తిప్పడానికి అలవాటుపడిన అరచేతులను తడితాడు తొలి లాగుడులోనే ఒరిసింది. అయినా ఒంటికి తెలిసిన పని ఒంటిని విడిచి పోదు. అతని మడమలు ఇసుకలో పాతుకున్నాయి, నడుము వెనుకకు వాలింది, జట్టు లాగుడు పదం అందుకొంది. అన్న వైపు చూడరాదనుకొన్నాడు. చూడకుండా ఉండలేకపోయాడు.

రెండు తాళ్ళ నడుమ, ఇంచుమించు సగం దూరాన, తారు పూయడానికి బోర్లించిన పడవ ఒకటి ఉంది. తీతు దాన్ని గమనించాడు. లాగుతూ, జరుగుతూ తన జట్టును ఆ పడవ వరకు నడిపించాడు. ఆమోసు మాత్రం మొదట వేసిన నాలుగడుగులు తప్ప కదలలేదు. అక్కడి నుండే లాగుతున్నాడు. అది చూచి తీతు పడవ పక్కన ఆగాడు. మడమలు దించాడు. అతడు ఆగడంతో జట్టు ఆగింది. తాడు వస్తూనే ఉంది గాని, ఎడం తరగడం లేదు.

నీటి మీద తెల్లని మెరుపులు కనబడసాగాయి. కవళ్ళ చేపల గుంపు ఒకటి వలలో చిక్కి సుడి తిరుగుతోంది. తెరిచి ఉన్న వైపు నుండి ఒక్కొక్కటే ఎగిరి బయటపడుతోంది. బుట్టల దగ్గర ఒక పడుచు తన బుట్టను నేల మీది నుండి తీసి చంకన పెట్టుకొంది, ఇంటికి పోవడానికన్నట్లు. జట్టువారు తాడు లాగుతూనే ఉన్నారు. ముందుమనిషిని వెనుకనుండి తొందరపెట్టడం ఆ తీరంలో మర్యాద కాదు.

మర్యాదకు కట్టుబడనిది అక్కడ ఒక్కతే ఉంది. ఆమె ఎలీసమ్మ, ఆ అన్నదమ్ములకు మేనత్త. పొగచుట్ట నోటినుండి తీసి, తీతు దగ్గరకు వచ్చి నిలిచింది.

"ఏటి బాబూ, పడవకాడ ఆగిపొమ్మని సంద్రం సెప్పిందేటి నీకు?"

ఎవరో నవ్వబోయి మానుకున్నారు. తీతు ముఖం ఎర్రబడింది. అన్న కదలకపోవడం కనబడలేదా అని అడగడానికి చేయెత్తి ఉత్తరానికి చూపబోయాడు. చూపబోయి, చేతి వెంట చూపు వెళ్ళి, అన్న పాదాల మీది నుండి నీటి మీదికి జారింది.

అప్పుడు కనబడింది. నీరు దక్షిణం నుండి ఉత్తరానికి బలంగా ఈడుస్తోంది. వల మొత్తం ఆ ఈడ్పుకు ఉత్తరంగా కొట్టుకొని పోతోంది. అటువంటి నాడు ఉత్తరపు జట్టు నిలిచి కాచుకోవాలి, దక్షిణపు జట్టు దూరమంతా నడవాలి. నీరు ఎదురు తిరిగిన నాడు ఇటువారు నిలుస్తారు, అటువారు నడుస్తారు. ఇది తీతుకు తెలియని సంగతి కాదు. నడక నేర్చిన నాటి నుండి తెలుసు. కాని ఇంతసేపూ అతని చూపు నీటి మీద లేదు.

మరొక సంగతి కూడా అరచేతుల మంటలో అతనికి తోచింది. తాను వెళ్ళిపోయిన నాటి నుండి ఈ ఒడ్డున నీరు ఎటు ఈడ్చినా, జ్వరమొచ్చినా, మనిషి తక్కువైనా, అన్న నిత్యం తాడు పట్టుకొని నిలిచే ఉన్నాడు. ఆమోసు అన్న మాట క్రూరమైనదే. ఇప్పటికీ క్రూరమైనదే. అయినా ఆ మాట ఎంత బరువు కింద నుండి వచ్చిందో తీతు అంతవరకు ఆలోచించలేదు.

అతడు తాడును భుజానికెత్తుకున్నాడు. జట్టుకు ఒక కేక వేశాడు. పడవ దాటాడు.

తడి ఇసుక కాళ్ళను పట్టుకొంటున్నది, తాడు మెడను కోస్తున్నది. అతడు ఆగలేదు, అడుగులు కొలవలేదు. పడవ వెనుకబడింది. అన్న ముఖం స్పష్టమైంది. తమ్ముడు పడవ దాటడం ఆమోసు చూచినట్లే ఉన్నాడు. అతడూ తన వైపు నుండి కొంత జరిగాడు. అంతగా జరగవలసిన పని లేదు. అయినా జరిగాడు.

రెండు తాళ్ళు కలిసి, అన్నదమ్ములు భుజం భుజం ఆనుకొని మోకాటి లోతు నీట నిలిచారు. ఏడాది తరువాత ఆమోసు పలికిన తొలి మాట ఇది.

"అడుగు తాడు తొక్కు తమ్ముడూ. కిందనించి పోతన్నాయి."

వల అడుగు అంచున ఉన్న తాడును తీతు ఇసుకలోకి తొక్కాడు. అన్న పాదం పక్కనే అతని పాదం. వల నోరు మూసుకొంది.

పట్టు గొప్పది కాదు. ఆగిన వేళలో జారిపోయినవి పోయాయి, వాటి సంగతి అందరికీ తెలుసు. అయినా ఏ బుట్టా ఖాళీగా ఇంటికి పోలేదు. ఎలీసమ్మ తన వాటా ఏరుకొంటూ, పడవ దగ్గర పోయిన చేపలన్నీ ఈ కొత్త పంతులుగారి లెక్కలో వేసుకోమని మేనల్లుణ్ణి ఎత్తిపొడిచింది. తీతు తల వంచుకొని ఒప్పుకున్నాడు.

తాళ్ళు చుడుతూ ఆమోసు, ఈ ఆదివారం రొట్టె ఎవరు విరుస్తారని అడిగాడు. తానేనని తీతు చెప్పాడు. ఆమోసు తాడు చుట్టడం పూర్తిచేసి భుజాన వేసుకున్నాడు.

"అయితే ముందు వరస సాపలో కూకుంటాను. వరండాలోకి నీ గొంతు ఇనబడదు. సిన్నప్పటి నించీ పీల గొంతే."

అని, వలలో పడిన ఒకే ఒక వంజరం చేపను మొప్పల దగ్గర తాడుతో కట్టి, అయ్యగారికని తమ్ముడి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

గురుశిష్యులు తిరుగుదారి పట్టారు. తీతు మనసు తేలికపడింది గాని పూర్తిగా ఊరుకోలేదు. కొంత దూరం నడిచాక అతడు మెల్లగా మొదలుపెట్టాడు. ఆదివారం అన్న ఎదుట నిలిచి రొట్టె విరుస్తానని, అందులో ఇక సందేహం లేదని చెప్పాడు. కాని నడిచిన దూరమంతా తనదే. అన్న వచ్చినది కొద్ది అడుగులే. పైగా ఆనాటి మాటను అతడు వెనుకకు తీసుకోలేదు. న్యాయం ప్రకారం చూస్తే, తన సగం పోగా అన్న సగంలో కూడా ఎంత భాగం తానే...

అయ్యగారు ఆగారు. గొడుగు చంకన పెట్టుకొని, శిష్యుని చేతిలోని చేపను తీసుకొని, వణికే వేళ్ళతో దాన్ని ఎండలో ఇటూ అటూ తిప్పి చూశారు. దాని పొట్ట వెండివలె మెరిసింది.

"ఇందులో దక్షిణపు తాడుకు వచ్చిన సగమేదో చూపించు తీతూ," అన్నారు. "ఆ సగమే నీకు వండిస్తాను."