నక్క తోక ఎవరిది?

కొండమీది పాత ఇటుకల స్తూపం దగ్గర సినిమావాళ్లు బుద్ధుడి కథ తీసి వెళ్లిపోయారు. వాళ్లున్నన్నాళ్లూ, పారేసిన విస్తళ్ల చాటున కోడి ఎముకలు కొరుకుతూ కొరుకుతూనే ఒక నక్క ఆ కథలోని పద్యాలన్నీ నోటికి పట్టేసింది. దయ్యాలు వేదాలు వల్లించడమంటే ఇదే మరి!

ఆ స్తూపం పగుల్లో, ముళ్లకంప మధ్య ఒక కౌజుపిట్ట గుడ్లు పొదుగుతోంది. మూతి పెడితే ముళ్లు గుచ్చుకుంటాయి. అందుకని నక్క బయటే బాసింపట్టు వేసుక్కూర్చుని కళ్లు మూసుకుంది.

"గుడ్డు నీది కాదు, గూడు నీది కాదు,
నాది అన్న మాటే గుండెలో ముల్లు."

"అదేంటి నక్కన్నా, పెట్టింది నేనేగా?" అంది కౌజు.

"నేను అన్నదే లేదు చెల్లెమ్మా. అంతా భ్రమ."

"మరి పొదుగుతున్నదెవరు?"

"ఇదిగో, ఈ గోలే దుఃఖం! వదిలెయ్. ఒక్కొక్కటే బయటికి దొర్లించు. హాయిగా ఉంటుంది."

పాపం, పిచ్చిదానికి తల తిరిగిపోయింది. వింటే మంచి మాటలే, గుడ్లు మాత్రం వదలబుద్ధి కాలేదు. ఒక గుడ్డును ముక్కుతో కంప అంచుదాకా నెట్టింది. వెనక్కి లాక్కుంది. మళ్లీ నెట్టింది.

అంతలో ముసలెద్దు మేసుకుంటూ అటొచ్చింది. ఆ సినిమాలో బండి లాగింది గానీ దానికి ఒక్క ముక్కా అర్థం కాలేదు.

"ఎద్దు తాతా, నా గుడ్లు నావి కావట. నిజమేనా?" అని ఏడుపు గొంతుతో అడిగింది కౌజు.

"ఏమో తల్లీ, నాకూ అదే తికమక. ఏదీ నక్కా, ఆ పద్యం మళ్లీ చెప్పు."

నక్క గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. సరిగ్గా వినబడక ఎద్దు ఒకడుగు ముందుకేసింది. డెక్క వెళ్లి నక్క తోకమీద పడింది.

"చచ్చాన్రోయ్! నా తోక! నా తోక!"

ఎద్దు బిత్తరపోయింది. "నీదా? నాది అనకూడదన్నావు కదయ్యా. మరి ఇప్పుడు అరిచిందెవరు?"

"నేనే తాతా, నేనే! కాలు తియ్!"

కౌజు గుడ్డును గబుక్కున రెక్క కిందికి లాక్కుంది. "తోక వదిలెయ్ అన్నా. హాయిగా ఉంటుంది," అంది.

నక్క గింజుకుని, సగం వెంట్రుకలు డెక్క కిందే వదిలి, కుంయ్యోమంటూ పారిపోయింది. పద్యం తప్పు కాదు సుమండీ, పాడిన నోరు అలాంటిది. ఎద్దు మాత్రం, "ఇంతకీ ఆ తోక ఎవరిది తల్లీ?" అని ఇంకా అడుగుతూనే ఉంది.

నీతి: ఎదుటివాడి గూటికి చెప్పే వైరాగ్యాన్ని ముందు చెప్పేవాడి తోకమీద చూడాలి.