కుక్క వెనక్కి తిరిగి ఎందుకు చూస్తుంది

ఒకప్పుడు కుక్కలు దారిన పోతూ వెనక్కి తిరిగి చూసేవి కావు. వెనక మనిషి వస్తున్నాడో లేదో వాటికి పట్టేది కాదు. ముక్కు ఎటు లాగితే అటే పోయేవి.

ఆ రోజుల్లో కొమురవ్వ అనే గొర్రెలకాపరి, కర్రెగాడు అనే కుక్కపిల్లను పెంచుకుంది. ఆమెకు నా అన్నవాళ్లు లేరు. గొర్రెలూ, కర్రెగాడూ, అంతే. పొద కదిలితే చాలు, "ఉస్కో" అని వాణ్ణి ఉసిగొల్పేది. వాడు ఎగిరి మీదపడితే పడీ పడీ నవ్వి పాలు పట్టేది. ఆడుకున్న ఆట నెత్తికి చుట్టుకుంటుందని ఎవరికి మాత్రం ముందు తెలుస్తుంది?

కర్రెగాడు పెరిగాడు. దారిలో ఎవరు ఎదురైనా మీద పడసాగాడు. నిజం చెప్పాలంటే వాడికి భయం. ఎదుటివాళ్లు కరిచేలోగా తానే కరవాలనుకునేవాడు. ఒకనాడు కట్టెలమోపుతో వస్తున్న ముసలాయన పిక్క పట్టేశాడు.

ఊరివాళ్లు వచ్చారు. "మల్ల ఎవలి మీదన్న పడితే రాళ్లతోని కొట్టి సంపుతం, అవ్వా" అన్నారు.

కొమురవ్వ కర్ర తీసింది. కొట్టినకొద్దీ వాడు మొండికెత్తాడు. చూడలేక ముసలి గొర్రె నోరు విప్పింది.

"మీద పడమని నేర్పింది నువ్వే. ఆగమని ఎప్పుడైనా నేర్పావా?"

కొమురవ్వ కర్ర పక్కన పడేసింది.

మర్నాటి నుంచి వాడి మెడకు తాడు కట్టి నడిపించింది. దూరాన మనిషి కనబడగానే ఆగి, "గిటు సూడు బిడ్డా" అనేది. తల తిప్పితే జొన్నరొట్టె ముక్క పెట్టేది. ఉరికితే తిట్టకుండా వెనక్కి మళ్లించేది. తల తిప్పడమంటే కర్రెగాడికి ప్రాణం మీదికి వచ్చేది. ఇటు చూసేలోపు అటునుంచి ఎవరైనా మీద పడితే? అయినా రొట్టెకు మరిగాడు. కొన్నాళ్లకు ఆ ముసలాయన పక్కనుంచే పోయినా ఊరుకున్నాడు.

"నా బిడ్డ బతికిండు" అనుకుంది కొమురవ్వ.

గొర్రెలకాపరులు నడుస్తూనే కదురుతో ఉన్ని వడుకుతారు. దానికి రెండు చేతులూ కావాలి. అందుకని ఆమె తాడు కొసను నడుముకు కట్టుకుంది. ఎంత పని చేసిందో చూడండి.

ఒకనాడు గుట్ట అంచున, సన్నని బాటలో, వేరే మంద కుక్క ఎదురైంది. మరీ దగ్గర.

"గిటు సూడు బిడ్డా."

కర్రెగాడు విన్నాడు. తల సగం తిప్పాడు కూడా. ఆ కుక్క గుర్రుమంది. అంతే, ఉరికాడు.

తాడు లాగేసరికి కొమురవ్వ కాలు జారింది. అంచు రాతికి ఒరుసుకుని తాడు తెగిపోయింది.

ఎదుటి కుక్క పారిపోయింది. రొట్టెముక్క కోసం కర్రెగాడు వెనక్కి తిరిగాడు. బాట మీద కదురు ఒక్కటే ఉంది.

"గాలీ, మా అవ్వేది?"

"కింద లోయలో" అంది గాలి.

"పిలిస్తే వస్తుందా?"

"రాదు నాయనా."

సంగతి తెలిసి రాళ్లు పట్టుకుని ఊరివాళ్లు వచ్చారు. కర్రెగాడు ఎవరి మీదా పడలేదు. నాలుగడుగులు వేయడం, వెనక్కి చూడటం, మళ్లీ నాలుగడుగులు వేయడం. అది చూసి వాళ్ల చేతులు కిందికి దిగాయి. తర్వాత పుట్టిన పిల్లలకు వాడు ఆ ఒక్కటే నేర్పాడు.

అప్పటినుంచే కుక్క మనకంటే ముందు ఉరికినా, ఉండుండి ఆగి వెనక్కి చూస్తుంది. మనం కనబడితేనే మళ్లీ అడుగు వేస్తుంది.