పసుపు తాగిన రాయి

అనగనగా ఒక ఊళ్ళో అంటాననుకున్నారా? కాదర్రా. అనగనగా ఒక కొండ. కొండ కింద ఊరు, ఊరి చివర రాళ్ళు కొట్టే గురప్ప ఇల్లు, ఆ ఇంట్లో మూణ్ణెల్ల కొత్త కోడలు చెన్నక్క.

ఆ కొండ తెల్లది. దాని నడుమ మాత్రం ఇంత వెడల్పు నల్లటి చార. ఎలా వచ్చిందంటారా? భూదేవి కడుపులో నిప్పుంటుంది. ఆ నిప్పు మీద రాయి బెల్లం పాకంలా కాగుతుంది. మూతపెట్టిన గిన్నెలో లాగా లోలోపలే, యుగాల తరబడి, మెల్లగా చల్లారిన పాకం పటికబెల్లంలా పలుకులు కట్టి తెల్లకొండ అయింది. తర్వాతెప్పుడో ఆ కొండ బీటలోకి ఇంకో పాకం తన్నుకొచ్చి గబగబా చల్లారింది. పలుకు కట్టే తీరికేదీ దానికి? నున్నని నల్లరాయి అయి కూర్చుంది. ఉలికి లొంగదు, చుక్క నీరు తాగదు, నునుపు పెడితే మొహం చూసుకోవచ్చు. అంతా ఆ తల్లి వంటే! ఊ కొడుతున్నారా?

సరే. ఆ ఊరి రాజుగారు అమ్మవారికి గుడి తలపెట్టారు. గుమ్మం మీద అడ్డంగా పెట్టే దూలం ఒకే నల్లరాయి కావాలన్నారు, ఏనుగంత బరువుది. ముహూర్తం ముంచుకొస్తోంది. రాజు మంత్రిని తరిమాడు, మంత్రి తలారిని తరిమాడు, తలారి గురప్పను తరిమాడు, గురప్ప ఉలిని తరిమాడు, ఉలి రాయిని తరిమింది. దూలం తయారైంది.

అక్కడే ఉంది చెన్నక్క గుండెల్లో రాయి. ఆ ఊళ్ళో ఒక ఆచారం. దూలాన్ని ఎత్తి కూర్చోబెట్టేటప్పుడు, రాయిని ఎంచినవాడి కొడుకు సరిగ్గా దాని కింద నిలబడాలి. రాయి మంచిదైతే మెళ్ళో పూలదండ. కాకపోతే... ఆ మాట నా నోటితో అననులే. గురప్పకు ఒక్కడే కొడుకు, ఓబులేసు. చెన్నక్క మొగుడు.

గురప్ప ఎంచిన రాయికి వంక పెట్టేవాడు ఆ చుట్టుపక్కల లేడు. కుండ కొనేటప్పుడు మనం వేలితో కొట్టి చూస్తామా లేదా? అలాగే ఆయన సుత్తితో కొట్టి వింటాడు. ఖంగుమంటే గట్టిరాయి. డబ్‌మంటే లోపల బీట. నలభై ఏళ్ళుగా ఆయన చెవే ఆ ఊరికి ప్రమాణం.

అయితే, రోజూ అన్నం మూట తీసుకెళ్ళే చెన్నక్క ఒకటి కనిపెట్టింది. వెనకనుంచి మామా, మామా, మామా అని మూడుసార్లు పిలిచినా ఆయన తిరగడు. ఆమె నీడ రాయి మీద పడితేనే తిరుగుతాడు. నలభై ఏళ్ళ సుత్తిమోత ఆ చెవుల్ని తినేసింది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పోల్చుకుంటూ ఆయన ఎవరికీ చెప్పలేదు.

మరి చెన్నక్క ఏం చెయ్యాలి? చెబితే మామ పరువు, చెప్పకపోతే మొగుడి ప్రాణం. ఓబులేసు దగ్గర నసిగి చూసింది. వాడు పకపకా నవ్వాడు. "మా నాయన ఎంచిన రాయే! అది పడిందనుకో, నీకు ఇంకో మొగుణ్ణి కూడా ఆయనే ఎంచి పెడతాడులే!"

"పాడు మాటలు!" అని చెన్నక్క వాడి నోరు మూసింది.

అమ్మా తల్లీ, దారి చూపించు అని మొక్కుకుంటూ పసుపు దంచుతుంటే, ఆమెకు పుట్టింటి పాత రోలు గుర్తొచ్చింది. ఎన్నిసార్లు కడిగినా ఆ రోటి పగుల్లో పసుపు పోయేది కాదు. అంతే, లేచింది!

శుక్రవారం పూట బిందెడు పసుపునీళ్ళు కలుపుకుని, పనివాళ్ళందరి ముందూ, అమ్మవారి గుమ్మానికి పెట్టే రాయి కదా స్నానం చేయించాలి అంటూ దూలం మీద ధారగా పోసింది. గురప్ప కళ్ళెర్రజేశాడు. "రాళ్ళ దగ్గర నీకేం పని? పోయి పొయ్యి చూసుకో!" ఆమె కాసేపు నాననిచ్చి, మంచినీళ్ళతో కడిగి, కొంగుతో తుడిచి పక్కన నిలబడింది. ఎండకు రాయంతా ఆరింది. ఇటు ఆరింది, అటు ఆరింది. నడుమ మాత్రం వెంట్రుకంత పచ్చని గీత, ఆరలేదు. చుక్క నీరు తాగని నల్లరాయి పసుపు తాగింది!

గురప్ప ఆ గీత వెంట వేలు నడిపించాడు. బీట పైన మొదలై పక్కకు దిగి, అడుగుకు పోయింది. ఆయన అక్కడే కూలబడ్డాడు. తలెత్తి కోడల్ని అడిగాడు. "ఎప్పట్నుంచి తెలుసే అమ్మాయ్, నా చెవుల సంగతి?"

చెన్నక్క తడికొంగు పిండుకుంటూ నిలబడింది.

"అడగనైనా అడగలేదే నువ్వు," అన్నాడు గురప్ప.

"అడిగితే మీకు వినపడుతుందా మామా?" అనేసి నాలుక కరుచుకుంది. అంత ఏడుపులోనూ ఆయనకు నవ్వొచ్చింది.

గురప్ప తనే రాజుగారి దగ్గరికి వెళ్ళి, నా చెవులు పోయాయి దొరా, దాచాను, తప్పు నాదే అన్నాడు. రాజు మండిపడ్డాడు. ముహూర్తానికి తొమ్మిది రోజులే! మళ్ళీ రాజు మంత్రిని తరిమాడు, మంత్రి తలారిని తరిమాడు, తలారి గురప్పను తరిమాడు. ఈసారి గురప్ప మాత్రం ఎవర్నీ తరమలేదు. నల్లచారలో వరసగా గుంటలు తొలిచి, ఎండుకొయ్య మేకులు బిగించి, వాటి మీద నీళ్ళు పోయించాడు. కొయ్య తడిసి ఉబ్బింది. అంత రాయీ దారం పట్టి కోసినట్టు విడివడింది.

ఈసారి సుత్తి చెన్నక్క చేతికిచ్చాడు. తను అరచెయ్యి రాతికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఆమె కొట్టింది. ఖంగ్! ఆమె చెవిలో మోగింది, ఆయన అరచేతిలో మోగింది. ఇద్దరూ ఒక్కసారే తలూపారు. అయినా పసుపునీళ్ళు పోశారు. గీత రాలేదు.

ముహూర్తం నాడు ఓబులేసు కింద నిలబడ్డాడు. మోకులు కిర్రుమన్నాయి, దూలం లేచింది, ఊగింది. చెన్నక్క కళ్ళు గట్టిగా మూసుకుంది. అమ్మా, అమ్మా, అమ్మా... కళ్ళు తెరిచేసరికి దూలం గుమ్మం మీద కుదురుగా కూర్చుంది. కింద ఓబులేసు దండ వేసుకుని పళ్ళికిలిస్తున్నాడు, వెధవ!

మరి పగిలిన దూలం ఏమైందంటారా? దాన్ని పచ్చగీత దగ్గరే రెండు చేసి, రోళ్ళూ పొత్రాలూ తిరగళ్ళూ చెక్కి ఇంటికొకటి పంచారు. దాచిన బీట ప్రాణం తీసేది. బయటపెట్టేసరికి ఊరందరికీ పచ్చడి నూరిపెట్టింది. మీక్కూడా ఏదైనా వినపడకపోయినా, కనపడకపోయినా, అమ్మమ్మకు చెప్పెయ్యాలి. తెలిసిందా?

కథేమో కంచి దారి పట్టింది. మనమిక దుప్పట్లో దూరదాం. ఏరీ, ఊ కొట్టరేం?