జెకర్యా కోసం తవ్విన గుంట

కళ్ళు మూసుకుని విను నాన్నా. ముందుది వెనకా, వెనకది ముందూ చెబుతానేమో. ఈమధ్య నాకు అన్నీ కలిసిపోతున్నాయి. తప్పితే తప్పింది, కథ మాత్రం వదలను.

అనగనగనగా, రాతిగని పక్కన ఒక పల్లె. ఆ పల్లెలో సలోమమ్మ అని ఒక తల్లి. గనిలో బండ మీదపడి మొగుడు చనిపోయాడు. ఆమెకు మిగిలింది ఒక్కడే కొడుకు. వాడి పేరు జెకర్యా.

ఆ పల్లె చర్చిలో ఒక పద్ధతి ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు తల్లి బిడ్డకొక పిడికెడు తీసి, బిడ్డ పేరు చెప్పి, వేరే కుండలో వేసేది. అది దేవుని కుండ. ఆదివారం ఆ బియ్యం కొంగున కట్టుకుని వెళ్ళి, చర్చిలో గంగాళంలో పోసి, బిడ్డ పేరు అందరికీ వినబడేలా చెప్పేది. ఆ బియ్యం దిక్కులేనివాళ్ళకు పెట్టేవారు. బిడ్డ ఎంత దూరాన ఉన్నా పిడికిలి ఆగదు. బిడ్డ పోతేనే ఆగుతుంది. ఏ తల్లయినా ఉత్త కొంగుతో గంగాళం దాటి వెళ్ళిందంటే, ఆ ఇంట్లో చావు వచ్చిందని అందరికీ తెలిసిపోయేది.

సలోమమ్మ పూటపూటా "నా జెకర్యా" అంటూ వేసేది. వాడు పెద్దవాడై గని పనికి పోయాడు. అప్పుడు సారా మరిగాడు.

మొదట ఇంట్లో ఉన్న మేకను తోలుకుపోయి సారా కొట్లో ఇచ్చేశాడు. సలోమమ్మ ఏడ్చింది, మోకరించింది, లేచి పిడికెడు బియ్యం వేసింది.

ఆ తర్వాత, రొట్టే ద్రాక్షరసమూ పంచే ప్రభుబల్ల రోజున తూలుతూ చర్చికి వచ్చి ఆడవాళ్ళ చాప మీద బోర్లా పడ్డాడు. "చూడండమ్మా, మా సలోమమ్మ వదిన ప్రార్థనకు జవాబు నడిచొచ్చింది!" అంది పక్కింటి దీనమ్మ. ఆమె నోరు అలాంటిది. కొందరు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఇంటికొచ్చి సలోమమ్మ బియ్యం వేసింది కానీ, పేరు మాత్రం లోపల్లోపలే అనుకుంది.

ఆ తర్వాత ఒక శనివారం దేవుని కుండే మాయమైంది. కుండా బియ్యమూ కలిసి సారా కొట్టుకు పోయాయి. జెకర్యా రాత్రి ఇంటికి రాలేదు.

అప్పుడు సలోమమ్మ మనసు విరిగిపోయింది. "వాడి కోసం ఇక నా చెయ్యి లేవదు ప్రభువా," అంది. ఆ పూట ఎసట్లో తన ఒక్కదాని బియ్యమే పోసుకుంది.

తెల్లవారి చర్చిలో ఆడవాళ్ళు వరసగా వెళ్ళి పోస్తున్నారు. సలోమమ్మ వంతు వచ్చింది. ఉత్త కొంగుతో గంగాళం దాటి వెళ్ళిపోయింది.

 అప్పుడు దీనమ్మ గుండెలు బాదుకుంది. "అయ్యో జెకర్యా! అయ్యో నా తండ్రీ! ఎప్పుడు వదినా, నాకైనా చెప్పకపోతివి!"

పాస్టరుగారు దగ్గరకొచ్చి మెల్లగా అడిగారు. "గనిలోనా అమ్మా?"

వాడు బతికే ఉన్నాడయ్యా అనాలి. అంటే దేవుని బియ్యం సంగతీ చెప్పాలి. మొన్న నవ్వినవాళ్ళే ఇప్పుడు చుట్టూ చేరి ఏడుస్తున్నారు, ఆమె చేతులు నిమురుతున్నారు. ఆ చేతులు ఒకరు పట్టుకుని ఎన్నాళ్ళయిందో. సలోమమ్మ తల దించుకుంది. తల దించితే, అవునన్నదనుకున్నారు.

ఇంటికి గంజి తెచ్చారు. అప్పుడు చెబుదామనుకుంది, చెప్పలేదు. పాస్టరుగారు కూర్చుని ప్రార్థన చేశారు. అప్పుడు చెబుదామనుకుంది, చెప్పలేదు. "రాతి నేల, పొద్దుగూకేలోపు తవ్వాలి. ఈలోగా గని నుంచి శవం లారీలో వచ్చేస్తుంది," అంటూ మగవాళ్ళు గడ్డపారలు భుజాన వేసుకున్నారు. అప్పుడు లేచి నిలబడింది. దీనమ్మ పట్టుకుని కూర్చోబెట్టింది.

సమాధుల దొడ్డి నుంచి ఠంగు ఠంగుమని గడ్డపార చప్పుడు మొదలైంది. సలోమమ్మ చెవులు మూసుకుంది. మూసినా వినబడుతూనే ఉంది. ఆ చప్పుడు ఇక భరించలేక, అందరినీ తోసుకుని సమాధుల దగ్గరికి పరిగెత్తింది.

ఆమె గేటు దగ్గరకు చేరేసరికి, అవతలి దారిన, మత్తు దిగి, కాళ్ళు ఈడ్చుకుంటూ జెకర్యా వస్తున్నాడు.

"ఎవరికి బాబాయ్ గుంట?" అని అడిగాడు.

తవ్వుతున్న ఆరోను చేతిలో గడ్డపార జారిపడింది. "నీకేరా!" అన్నాడు.

"నాకా?"

"మీ అమ్మ నీ పిడికిలి ఆపేసిందిరా. ఉత్త కొంగుతో గంగాళం దాటింది."

జెకర్యా నవ్వలేదు, తిట్టలేదు. మెల్లగా గుంటలోకి దిగి కూర్చున్నాడు. "అయితే అమ్మ అన్నట్టే కానీయండి. పూడ్చేయండి," అన్నాడు.

సలోమమ్మ గుంట ఒడ్డున కూలబడింది. వెనకాలే జనమంతా వచ్చారు. అందరూ వింటుండగా చెప్పింది. "వీడు తాగుబోతు. దేవుని బియ్యం అమ్ముకుని తాగాడు. కానీ వీణ్ణి చంపింది నేను. మీరు నవ్వితే ఓర్చుకోలేకపోయాను. మీరు ఏడిస్తే హాయిగా ఉండి నోరు మూసుకున్నాను."

"ఓసి నీ దుంపతెగ! బతికున్నవాడి కోసం గొంతు పోయేలా ఏడిపించావు కదే మమ్మల్ని!" అంది దీనమ్మ. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. పాస్టరుగారు చివరిదాకా నిలబడ్డారు. తర్వాత ఆయనా వెళ్ళిపోయారు.

"లేరా, అన్నం తిందువుగాని," అంది సలోమమ్మ.

"రేపు మళ్ళీ తాగుతానమ్మా. నా సంగతి నాకు తెలుసు."

"నాకూ తెలుసు. లే."

వాడు లేవలేదు. అప్పుడు ఆమె కూడా గుంటలోకి దిగి, వాడి పక్కన కూర్చుంది. "సరే, ఇద్దరికీ చాలుతుందిలే," అంది.

 అది విని వాడు లేచి, ముందు తల్లిని పైకి ఎక్కించి, తను ఎక్కాడు. ఇద్దరూ కలిసి చేతులతో మట్టి తోసి గుంట పూడ్చారు.

మళ్ళీ తాగాడా అంటావు. తాగాడు నాన్నా. నీతో అబద్ధం చెప్పను. కొన్నాళ్ళు మానేవాడు, కొన్నాళ్ళు దారిలో పడి ఉండేవాడు. ఆమె వెళ్ళి లేపుకుని వచ్చేది. అలా లేపడంలోనే ఆమె నడుము వంగిపోయింది.

కానీ గుంట పూడ్చిన తర్వాతి ఆదివారం సలోమమ్మ గంగాళంలో బియ్యం పోసి, గట్టిగా చెప్పింది. "నా జెకర్యా. ఈ వారం కూడా తాగాడు. ప్రార్థన చేయండి." ఎవరూ నవ్వలేదు. ఎవరూ దగ్గరకూ రాలేదు. ఒక్కతే ఇంటికొచ్చింది.

మధ్యాహ్నం గుమ్మంలో దీనమ్మ నిలబడి ఉంది. "వదినా, లోపలికి రానా?" అంది. ఎప్పుడూ అడిగి వచ్చే మనిషి కాదు.

వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. "మా లీదియా మేనత్త దగ్గర ఉందని చెబుతున్నానా... లేదే. ఇల్లు వదిలిపోయింది. ఎక్కడుందో తెలియదు. ఉందో లేదో కూడా తెలియకుండానే వారం వారం దాని పేరు చెప్పి పోస్తున్నాను."

సలోమమ్మ చాప మీద పక్కకు జరిగింది. ఇద్దరూ మోకరించారు. దీనమ్మ నోరు తెరిచింది. అంత పెద్ద నోటికి కూతురి పేరు రాలేదు. అప్పుడు సలోమమ్మ, "లీదియా," అంది. కాసేపటికి దీనమ్మ, "జెకర్యా," అంది. తమ బిడ్డ కోసం నోరు పెగలని తల్లులు ఒకరి బిడ్డ కోసం ఒకరు దేవుణ్ణి అడిగారు.

కథ నడిచి కంచి చేరె,
కునుకు నడిచి కంట చేరె,
దారి తప్పిన బిడ్డలంతా
తల్లి ఇంటి గడప చేరె.

నిద్రపోయావా? పొద్దున్నే మీ పిన్ని ఎస్తేరును అడగాలి, పేర్లు సరిగ్గా చెప్పానో లేదో. సలోమమ్మ, జెకర్యా, దీనమ్మ. ఆ పిల్ల లీదియానేగా? మిగతావి ఎటుపోయినా, ఎక్కడుందో తెలియని ఆ పిల్ల పేరు మాత్రం తప్పు చెప్పకూడదు.