అసిరమ్మ ఎక్కిన కొండ

ఊ కొట్టండర్రా, చెబుతాను. మీ తాతల తాతలు పుట్టకముందు మాట. కొండ కింద ఒక చిన్న పేట. ఆ పేటలో అసిరమ్మ అనే ముసలమ్మ ఉండేది. అడవికెళ్ళి అడ్డాకులు కోసేది, పుల్లలు గుచ్చి విస్తళ్ళు కుట్టేది. పేటలో ఆడవాళ్ళందరిదీ అదే పని.

అవి కొనే షావుకారు కట్టకు సోలెడు చోళ్ళు, అంటే రాగులు, కొలిచేవాడు. అంబలికైనా చాలేవి కావు. ఒక ఏడు అసిరమ్మ కొండ అవతల ఊళ్ళో అమ్మవారి జాతరకు వెళ్ళింది. అక్కడ అదే కట్టకు షావుకారు మనుషులు సోల కాదు, దానికి ఎన్నో రెట్లు, కుంచెడు బియ్యం పుచ్చుకుంటున్నారు. కళ్ళారా చూసింది. ఒళ్ళు మండిపోయింది.

పేటకొచ్చి అందరినీ పిలిచింది.

"ఇకనించి ఆడికి ఒక్క ఆకు కూడా ఇయ్యొద్దు. వచ్చే జాతరకి మనమే మోసుకెల్దాం. వచ్చిన గింజలన్నీ ఒక్క గాదెలో పోద్దాం. ముందు బాలింతలకి, మంచాన పడ్డోళ్ళకి. మిగిలింది మనకి."

షావుకారు వచ్చాడు. "చోళ్ళు కొలవను. మాడి చావండి" అన్నాడు.

అసిరమ్మ కుడుతున్న విస్తరి కింద పెట్టలేదు. "ఆకు అడవిది. సెయ్యి మాది. దర కూడా మాదే" అంది.

ఆ తర్వాత పేటంతా కొండదుంపలు తవ్వుకుని తింది.

మళ్ళీ వచ్చాడు. ఈసారి నవ్వుతూ వచ్చాడు. "అసిరీ, నీ ఒక్కదానికి కట్టకి కుంచెడిస్తాను. మిగతావాళ్ళ సంగతి నీకెందుకే?"

ఆకలికి ఆమెకు కళ్ళు తిరుగుతున్నాయి. అయినా అదే మాట. "ఆకు అడవిది. సెయ్యి మాది. దర కూడా మాదే."

మూడోసారి షావుకారు మాటలతో ఆగలేదు. దారి మూస్తే కట్టలు తనకే ఇచ్చి తీరతారని, జాతర రోజు పొద్దున్నే తన పొలం మీదుగా జాతర ఊరికి పోయే బండిదారికి ముళ్ళకంప కొట్టించాడు. ఇక మిగిలింది కొండ. అది మనుషులు ఎక్కే కొండ కాదు.

"అత్తా, పడితే ఎముక కూడా దొరకదే" అంది కోడలు పైడి.

"పడితే పడతాను. ఆడి కాళ్ళమీద మాత్రం పడను."

కట్ట నెత్తిన పెట్టుకుని ముందు తనే ఎక్కింది. వెనక ముప్పైమంది. దిగేటప్పుడు రాయి జారి అసిరమ్మ కాలు విరిగింది. పైడి వీపున మోసుకెళ్ళి జాతరలో కూచోబెట్టింది.

షావుకారు ఆ ఏడు అమ్మవారికి అన్నదానం మొక్కుకున్నాడు. జనం పంక్తుల్లో కూచున్నారు. వేద్దామంటే ఒక్క విస్తరి లేదు. చివరికి షావుకారే అసిరమ్మ ఎదుటికొచ్చి నిలబడ్డాడు.

"కట్టకెంత?"

"కుంచెడు బియ్యం."

తల దించుకుని కొలిచాడు.

ఆ ఏడు పేటలో గాదె నిండింది. బాలింతలు కడుపునిండా తిన్నారు. అసిరమ్మ మాత్రం మళ్ళీ నడవలేదు. కూచున్నచోటే విస్తళ్ళు కుడుతూ రెండేళ్ళకు పోయింది.

నేటికీ అది అసిరమ్మ కొండే. నేటికీ ఆ జాతరలో విస్తళ్ళ దగ్గర ఎవరూ బేరమాడరు. తెలియక ఎవరైనా ఆడితే, అక్కడి ఆడవాళ్ళు కొండవైపు చెయ్యి చూపిస్తారు.

"కట్ట నెత్తినెట్టుకుని అదెక్కి దిగి రా బాబూ. అప్పుడడుగు."