దాలినాయుడి ముడి

నాకీ కథ మొదట చెప్పింది మా మనవరాలు హైమ. విశాఖపట్నంలో కంప్యూటరు ప్రోగ్రాములు రాసే ఆఫీసులో ఈమధ్యనే చేరింది. కొత్తవాళ్లకి అక్కడ ఈ కథ చెప్తారట. "తాతా, మా ఆఫీసులో నీ కథే చెప్తున్నారు" అని నవ్వుతూ చెప్పింది. నేను నవ్వలేదు. ఎందుకో చివర్న చెప్తాను.

అక్కడి పెద్దాయన భానోజీరావు గారు. అందరూ గురువుగారనే పిలుస్తారు. పెద్ద పనిని చిన్న ముక్కలుగా చేసుకోవాలి, రెండు వారాలకోసారి అయినంతవరకు పని ఇచ్చినవాళ్లకి చూపించాలి, ఒకరు రాసింది ఇంకొకరు విప్పి దిద్దేలా ఉండాలి. ఇదీ ఆయన పద్ధతి. ఎవరైనా ప్రశ్న వేస్తే మాత్రం కూర్చున్నచోట జవాబు చెప్పరు. లేచి చెప్పులేసుకుంటారు.

ఆయన దగ్గర కిరీటి అని ఒక కుర్రాడు. వాడు రాసిన ప్రోగ్రాం గుర్రంలా పరిగెత్తేది, కానీ ఇంకొకడు దాని మీద చెయ్యి వెయ్యలేడు. ఏది కదిపితే ఏది కూలుతుందో వాడికొక్కడికే తెలుసు. అందుకని వాడి ఫోను మోగుతూనే ఉండేది. అదే గొప్పనుకునేవాడు. ఇంతలో నిశ్చితార్థం కుదిరింది, వచ్చే గురువారం. సెలవైతే ఇచ్చారు, ఫోనుకు సెలవెవరిస్తారు? "ఆవేళ కూడా ఫోనెత్తావంటే, ఉంగరం దానికే తొడుగు" అని పెళ్లికూతురు ముందే చెప్పిందట.

ఈలోగా ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ ప్రోగ్రామంతా విప్పి శుభ్రం చెయ్యమన్నారు గురువుగారు.

"నడుస్తున్నదాన్ని విప్పడం దేనికండీ? పని ఇచ్చినవాళ్లు లోపలికి తొంగి చూస్తారా?" అన్నాడు కిరీటి.

గురువుగారు చెప్పులేసుకున్నారు.

కింద ఆవరణలో ఆఫీసు పండగకని షామియానా వేసి ఉంది. గుడ్డ నాది. ఎర్రునాయుడు టెంటు హౌస్ అని పెద్దక్షరాల్లో ఉంటుంది. ఆవేళ మా బావమరిది కూతురి పెళ్లి. నేను ఆ పనుల్లో ఉండి, కట్టే పని మా తోడల్లుడు దాలినాయుడికి అప్పజెప్పాను. అతను కట్టేసి, కూలీలను అక్కడ వదిలి పెళ్లికొచ్చేశాడు. మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి గాలి లేచింది. గుడ్డ తెరచాపలా ఉబ్బింది. ఒక మూల దించితే చాలు, కానీ మహానుభావుడు నాలుగు మూలల తాళ్లూ తెచ్చి ఒకే ముడిలో బిగించాడు. పీటముడి.

"కోసెయ్యండి" అన్నాడు కిరీటి.

"కోస్తే మొత్తం కుర్సీల మీదికొస్తాది బాబూ. ఇది ముడి కాదు, పొడుపుకత. ఏసినోడే రావాల" అన్నాడు ఒక కూలీ.

మోటారుసైకిలు పంపారు. దాలినాయుడు వచ్చాడు. కుడిచెయ్యి గాల్లో పట్టుకునే ఉన్నాడు, పప్పన్నం వేళ్లకి ఎండిపోయింది. ఎడంచేత్తో, పళ్లతో చిటికెలో ఆ ముడి విప్పేశాడు. గుడ్డ మెత్తగా కిందికి దిగింది. అందరి వైపూ రొమ్ము విరుచుకుని చూశాడు.

"సూశారా. నేను నేకపోతే ఇది నిలబడదు, నేను నేకపోతే ఇది దిగదు."

"గొప్ప ముడే నాయుడూ" అన్నారు గురువుగారు. "భోజనం అయిందా?"

"ఎక్కడండీ. పప్పు కాడే లేపేశారు. ఈపాటికి ఇస్తర్లు ఎత్తేసుంటారు."

గురువుగారు కిరీటి వైపు తిరిగారు. "గురువారం మీ వాళ్లు భోజనాలు ఎన్నింటికి పెడుతున్నారోయ్?"

కిరీటి పైకెళ్లి తన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేయించాడు. పక్క బల్ల అమ్మాయీ వాడూ కూర్చుని ఒక్కొక్క చిక్కే విడదీశారు, ఏ ముక్క చేసే పనిని బట్టి దానికి ఆ పేరు పెట్టారు, ఒకటి మార్చినప్పుడల్లా మిగతాది నడుస్తోందో లేదో చూసుకున్నారు.

గురువారం పంక్తి మధ్యలో కిరీటి ఫోను మోగింది. పెళ్లికూతురు ఉంగరం వేలు పట్టుకుని వాడి వంక చూసింది. ఎత్తితే అవతల గురువుగారు.

"పెరుగన్నం దాకా వచ్చావా?"

"వచ్చానండి."

"అయితే తిను" అని పెట్టేశారు.

కథ ఇంతే. కానీ ఆ ఆఫీసులో దీన్ని ఎర్రునాయుడి ముడి అంటున్నారు, గుడ్డ మీద పేరు చూసి. గుడ్డ నాది, ముడి దాలినాయుడిది. అతను విస్తరి ముందు నుంచి లేచిపోయినప్పుడు నేను పక్క విస్తట్లోనే తింటున్నాను. పెరుగన్నం ముగించి, తాంబూలం వేసుకుని మరీ లేచాను. నేను వేసేది జారుముడి, ఎవరు లాగినా వస్తుంది. ఆఫీసులో పేరు తారుమారైందని మా తోడల్లుడికీ తెలుసు. తెలిసీ దిద్దడు, నన్ను చూసి నవ్వుతాడు. ఆ ఆఫీసువాళ్లెవరైనా ఇది చదివితే, దయచేసి ఆ పేరు మార్పించండి.